రక్తం కక్కుకోవడం: ఒక శాపం, ఒక రక్తనాళం

తెలుగులో తిట్లకి కరువు లేదు గానీ, తిట్టు వేరు, శాపం వేరు. తిట్టు విన్నవాడు తిరిగి నాలుగు తిట్టేసి ఇంటికెళ్ళి అన్నం తింటాడు. శాపం తగిలినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. అలాంటి శాపాల్లో మొదటి వరసలో ఉండేది "రక్తం కక్కుకుని చస్తావు" అన్నది. అమ్మవారి మీద ఒట్టేసి తప్పినవాడు రక్తం కక్కుకుంటాడు. లంకెబిందెలు తవ్వబోయినవాడు రక్తం కక్కుకుంటాడు. చేతబడి తగిలినవాడూ అంతే. పాత జానపద సినిమాల్లో మంత్రం ఎదురుతిరిగితే మాంత్రికుడు కూడా అదే పని చేస్తాడు. కాళ్ళు పడిపోతాయనీ కళ్ళు పోతాయనీ శపించేవాళ్ళు కూడా ఉన్నారు గానీ, ఈ శాపానికున్న గిరాకీ వాటికి లేదు.

ఎందుకంత గిరాకీ అంటే, ఇది నిజంగా జరుగుతుంది కాబట్టి. జనం కళ్ళారా చూశారు. నిన్న సాయంత్రం దాకా వీధిలో ఆడుకున్న పిల్ల పొద్దున్నే దగ్గి, ఎర్రటి నురుగు రక్తం నేల మీద ఉమ్మితే, చూసిన ఊరు పాతికేళ్ళు మరిచిపోదు. మన హేతువాదులం ఇలాంటి చోట "మూఢనమ్మకం" అని ముద్ర గుద్దేసి ముందుకెళ్ళిపోతుంటాం. శాపం అబద్ధమే, ఒప్పుకుంటాను. రక్తం అబద్ధం కాదు కదా! అది ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పకుండా శాపం అబద్ధమంటే ఎవరు నమ్ముతారు? అందుకని ఇక్కడ ఆ రక్తం వెంటే వెళ్ళి చూద్దాం. ముఖ్యంగా పిల్లల్లో, ఊపిరితిత్తుల రక్తనాళాలే తేడాగా ఉండటం వల్ల పడే రక్తం వెంట.

ముందు ఆ మాట సంగతి. "కక్కడం" అంటే వాంతి. అంటే కడుపులోంచి రావడం. మన భాష నోట్లోంచి వచ్చే రక్తాన్నంతా ఒకే గాటన కట్టేసింది. డాక్టరు మాత్రం మొదట అడిగేది ఇదే: దగ్గితే వచ్చిందా, వాంతిలో వచ్చిందా, ముక్కులోంచి గొంతులోకి జారిందా? ఊపిరితిత్తుల నుంచి వచ్చేది ఎర్రగా, నురుగుతో ఉంటుంది, ముందు దగ్గు వస్తుంది. కడుపులోంచి వచ్చేది చాలాసార్లు నల్లగా, కాఫీ పొడి కలిపినట్టు, అన్నం మెతుకులతో ఉంటుంది. పిల్లల్లో ఎక్కువసార్లు జరిగేది మూడోది. రాత్రి నిద్రలో ముక్కు అదిరి రక్తం కడుపులోకి పోయి, తెల్లారి వాంతిలో కనపడుతుంది. తల్లి గుండె ఆగినంత పనవుతుంది, పిల్లవాడికి ప్రమాదం ఉండదు.

దీనికి తిరకాసు ఇంకోటుంది. చిన్నపిల్లలకి ఉమ్మడం రాదు. ఊపిరితిత్తుల్లోంచి పైకి వచ్చిన రక్తాన్ని కూడా మింగేస్తారు. కాబట్టి బయటికి కనపడింది చెంచాడే అయినా లోపల పడింది గిన్నెడు కావచ్చు. కొందరు పిల్లల్లో రక్తం బయట కనపడనే కనపడదు, పిల్ల పాలిపోయి, రక్తహీనత అని ఇనుము టానిక్కు తాగుతూ ఉంటుంది.

నోట్లోంచి రక్తానికి శాపాన్ని ముడిపెట్టింది పల్లెటూరివాళ్ళు మాత్రమే కాదు. క్షయ పుట్టుకకి పురాణం చెప్పే కారణం దక్షుడి శాపం: ఇరవై ఏడుగురు భార్యల్లో రోహిణినే ప్రేమించినందుకు చంద్రుడు క్షీణించిపోయాడట. ఈ కథ చరకసంహితలో రాజయక్ష్మ అధ్యాయంలో కూడా ఉంది. అయితే చరకుడికి న్యాయం చెయ్యాలి. అదే గ్రంథంలో క్షతక్షీణం గురించి చెప్పేటప్పుడు, బరువైన విల్లు లాగడం, మోయలేని బరువులు ఎత్తడం, తనకంటే బలవంతుడితో కుస్తీ పట్టడం వల్ల రొమ్ము లోపల గాయమై రక్తం పడుతుందని రాశారు. సరైందో కాదో తరవాత, అది శరీరంలో కారణం వెతకడం. ఒకే పుస్తకంలో శాపమూ ఉంది, వెతుకులాటా ఉంది. మనవాళ్ళు శాపాన్ని గుర్తుపెట్టుకున్నారు.

తెల్లవాళ్ళు ఏమైనా తక్కువ తిన్నారా అంటే, లేదు. 1882 మార్చి 24న బెర్లిన్లో రాబర్ట్ కోహ్ క్షయకి కారణమైన సూక్ష్మజీవిని చూపించాడు. సరిగ్గా పదేళ్ళకి, 1892 మార్చిలో, అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం ఎగ్జెటర్‌లో, క్షయతో చనిపోయిన మెర్సీ బ్రౌన్ అనే 19 ఏళ్ళ అమ్మాయి శవాన్ని బయటికి తీశారు. ఆమె రక్తపిశాచమై తన అన్న ఎడ్విన్ రక్తం తాగుతోందని ఊరి అనుమానం. గుండె కోసి, కాల్చి, ఆ బూడిద నీళ్ళలో కలిపి ఎడ్విన్ చేత తాగించారు. రెండు నెలలు తిరక్కుండానే అతనూ చనిపోయాడు. మన విభూతికీ ఆ బూడిదకీ పెద్ద తేడా నాకు కనపడలేదు, మన విభూతి కాస్త శుభ్రమైన పదార్థం, అంతే.

కోహ్ తరవాత లోకం మారింది. శాపం స్థానంలో సూక్ష్మజీవి వచ్చింది. 1868లోనే డెన్మార్కు డాక్టరు రాస్ముసెన్, క్షయ వల్ల ఊపిరితిత్తిలో పడ్డ గుంటల గోడలో రక్తనాళం బుడగలా ఉబ్బి పగలడం వల్ల రక్తం ధారగా పడుతుందని చూపించాడు. ఆ డెన్మార్కు నుంచే వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ అనే డాక్టరు 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం నడపడం మొదలుపెట్టాడు. రాయలసీమ కొండగాలికి వెళ్ళి బతికి బయటపడ్డవాళ్ళ కథలు పాత తరం తెలుగువాళ్ళకి చాలామందికి తెలుసు. 1948లో మనదేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ టీకాని రాజాజీ అంతటి మేధావి 1955లో ఊరూరా తిరిగి వ్యతిరేకించాడు, అది వేరే కథ.

అయితే ఈ మంచి మార్పు వెనకే ఒక కొత్త అలవాటు కూడా వచ్చింది. రక్తం పడిందా, అయితే టీబీ. ఎక్స్-రేలో మచ్చ ఉందా, టీబీ. మన దేశంలో పెద్దవాళ్ళ విషయంలో ఈ ఊహ చాలాసార్లు నిజమే అవుతుంది, అందుకే అది అంత గట్టిగా పాతుకుపోయింది. కానీ ఊహ ఊహే. గణిత శాస్త్రజ్ఞుడు రామానుజన్‌కి ఇంగ్లండులో టీబీ అనే వైద్యం చేశారు. 1994లో డి.ఎ.బి. యంగ్ అనే డాక్టరు పాత రికార్డులన్నీ తిరగేసి, అది అమీబా వల్ల వచ్చిన కాలేయం జబ్బు అయ్యుండాలని వాదించాడు. మణిపూర్‌లో టీబీ మందులు మింగుతూ నయం కాని కొందరి కఫంలో 1980ల నుంచి ఊపిరితిత్తుల పురుగు గుడ్లు దొరకడం మొదలైంది. సరిగా ఉడకని మంచినీటి ఎండ్రకాయల నుంచి వచ్చే పురుగు అది. చిన్నపిల్లల్లో ఈ ఊహ ఇంకా బలహీనం. వాళ్ళకి టీబీ వస్తుంది, కానీ పెద్దవాళ్ళలో లాగా ఊపిరితిత్తిలో గుంటలు పడి రక్తం కారడం చిన్న వయసులో అరుదు. కఫం తీసి పరీక్ష చెయ్యడం కూడా కష్టం. దాంతో "అనుమానం మీద" మందులు మొదలుపెట్టడం సులువైపోయింది.

ఇప్పుడు కాస్త ప్లంబింగ్ గురించి చెప్పాలి. ఇది తెలియకపోతే తరవాతి కథ అర్థం కాదు.

ఊపిరితిత్తులకి రెండు వైపుల నుంచి రక్తం వస్తుంది. ఒకటి గుండె కుడివైపు నుంచి వచ్చే పుపుస ధమని. ఒంట్లోని చెడురక్తమంతా దీంట్లోంచే వెళుతుంది, కానీ ఒత్తిడి చాలా తక్కువ. పెద్దవాళ్ళలో చేతికి పట్టీ కట్టి చూస్తే 120 ఉండే చోట, ఇక్కడ 25 దాటదు. రెండోది శ్వాసనాళ ధమనులు. ఇవి నేరుగా మహాధమని నుంచి వస్తాయి. గుండె పంపే రక్తంలో వీటి వాటా నూటికి ఒక వంతు మాత్రమే, కానీ ఒత్తిడి పూర్తిగా ఉంటుంది. ఊపిరితిత్తి ఏళ్ళ తరబడి చీముపట్టి ఉన్నా, పుట్టుకతో గుండె జబ్బు ఉండి పుపుస ధమని సరిగా ఎదగకపోయినా, ఈ సన్న ధమనులు లావెక్కి మెలికలు తిరుగుతాయి. పెద్ద ఎత్తున రక్తం పడ్డప్పుడు పదిలో తొమ్మిదిసార్లు దోషి ఈ నూటికి ఒక వంతువాడే.

రక్తం ఊపిరితిత్తుల గుండా వెళ్ళి తిరిగొస్తుందని 1242లో ఇబ్న్ అల్ నఫీస్ రాశాడు. శరీరమంతా తిరుగుతుందని 1628లో హార్వే చూపించాడు. కానీ ధమని నుంచి సిరలోకి ఎలా చేరుతుందో హార్వేకి కనపడలేదు. 1661లో ఇటలీలో మాల్పీఘి, కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూసి వెంట్రుక కంటే సన్నటి కేశనాళికలు కనిపెట్టాడు. ఈ కేశనాళికల వల జల్లెడ కూడా. కాళ్ళ సిరల్లోంచి వచ్చే చిన్న గడ్డలు, నోటి నుంచి రక్తంలోకి దిగే సూక్ష్మజీవులు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

కొందరు పిల్లల్లో ఈ జల్లెడకి పుట్టుకతోనే చిల్లు ఉంటుంది. ఒక చోట ధమనీ సిరా మధ్యలో వల లేకుండా నేరుగా కలిసిపోయి, పల్చటి గోడ ఉన్న సంచిలా తయారవుతుంది. డాక్టర్లు దీన్ని ఏవీఎం అంటారు. దీనివల్ల మూడు పనులు జరుగుతాయి. చెడురక్తం గాలి తగలకుండానే గుండెకి తిరిగిపోతుంది కాబట్టి పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి, వేళ్ళ చివర్లు గుండ్రంగా ఉబ్బుతాయి. ఆ పల్చటి గోడ ఎప్పుడో పగిలి రక్తం పడుతుంది. జల్లెడ లేదు కాబట్టి గడ్డలూ సూక్ష్మజీవులూ నేరుగా మెదడుకి చేరి పక్షవాతం, మెదడులో చీముగడ్డ తేగలవు.

ఈ జబ్బు గురించి వైద్య పత్రికల్లో వచ్చిన మొదటి వర్ణన పిల్లవాడిదే. 1897లో ఇంగ్లండులో చర్టన్ అనే డాక్టరు, పదేపదే రక్తం పడి చనిపోయిన 12 ఏళ్ళ బాలుడి శవపరీక్ష గురించి రాశాడు. బతికుండగా ఆ పిల్లవాడి రొమ్ము మీద చెవి పెడితే హోరు వినపడేది. లోపల రెండు ఊపిరితిత్తుల్లోనూ ఉబ్బిన రక్తనాళాలు. మెర్సీ బ్రౌన్ గుండె కాల్చిన ఐదేళ్ళకి ఇది. ఒకరు శవాన్ని కోసి పిశాచాన్ని వెతికారు, ఇంకొకరు శవాన్ని కోసి రక్తం ఎక్కణ్ణించి వచ్చిందో వెతికారు.

దాదాపు అదే కాలంలో ముగ్గురు డాక్టర్లు, ఫ్రాన్సులో రెండూ 1896లో, ఆస్లర్ 1901లో, వెబర్ 1907లో, ఒక వింత కుటుంబ వ్యాధిని వర్ణించారు. ఇంట్లో తరతరాలుగా ముక్కుల్లోంచి రక్తం కారుతుంది. పెదాల మీద, నాలుక మీద, వేళ్ళ మీద చిన్న ఎర్ర చుక్కలు. 1909లో దీనికి ఒక పొడుగాటి లాటిన్, గ్రీకు పేరు పెట్టారు, ఇప్పుడు హెచ్‌హెచ్‌టీ అంటున్నారు. సుమారు ఐదువేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఊపిరితిత్తుల్లో ఏవీఎం ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి కుటుంబాలవాళ్ళే. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. అంటే తాతకి ముక్కులోంచి రక్తం, మేనత్తకి ముప్పయ్యేళ్ళకే పక్షవాతం, మనవరాలికి నోట్లోంచి రక్తం. వంశానికి శాపం తగిలిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? 1994లో దీనికి కారణమైన మొదటి జన్యువు 9వ క్రోమోజోము మీద దొరికింది, 1996లో రెండోది 12వ దాని మీద. సర్పదోషానికి రాహుకేతు పూజ చేయించే కుటుంబాల్లో కొన్నైనా ఈ జాబితాలో ఉంటాయని నా అనుమానం. నిరూపించలేను, అనుమానమే.

ఇంతవరకూ చెప్పినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ఒకటుంది. ఈ రక్తం చాలాసార్లు దానంతటదే ఆగిపోతుంది. పగిలిన చోట గడ్డ కడుతుంది, రెండు మూడు రోజుల్లో దగ్గు తగ్గుతుంది, పిల్ల లేచి ఆడుకుంటుంది. మళ్ళీ ఆర్నెల్లకో రెండేళ్ళకో పడుతుంది. ఈ లోపల పిల్ల పక్కన ఎవరుంటే వాళ్ళకే పేరు. మాంత్రికుడు నిమ్మకాయ కోస్తే నిమ్మకాయకి, తాయెత్తు కడితే తాయెత్తుకి. టీబీ మందులు మొదలుపెడితే ఆ మాత్రలకి. మళ్ళీ రక్తం పడితే మాంత్రికుడు "శత్రువు మళ్ళీ చేయించాడు" అంటాడు. తొందరపాటు డాక్టరు "మందులకి లొంగని టీబీ" అంటాడు. ఇద్దరి తర్కంలోనూ ఓడిపోయే దారి లేదు. ఓడిపోయే దారి లేని సిద్ధాంతం ఎంత ప్రమాదమో మనం సభల్లో చెబుతూనే ఉంటాం, దాన్ని తెల్లకోటు మీద కూడా ప్రయోగించాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఢిల్లీ ఆర్.కె. పురంలో ఉండే తెలుగు ఉద్యోగులందరికీ అలవాటైన పని ఒకటుంది. రింగ్ రోడ్డు మీద కాస్త దూరం పోతే సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, దాని ఎదురుగా ఎయిమ్స్. ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ జబ్బు కాగితాలు పట్టుకొచ్చే చుట్టాలు, చుట్టాల చుట్టాలు మన క్వార్టర్లలోనే దిగుతారు. 2009 చలికాలంలో పాలమూరు వైపు నుంచి ఒకాయన తొమ్మిదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చి మా ఇంట్లో పదకొండు రోజులున్నాడు. పిల్ల జబ్బకి మూడు తాయెత్తులు. సంచిలో రెండు విడతల టీబీ మందుల చీటీలు. కఫంలో క్రిమి దొరికినట్టు ఒక్క కాగితమూ లేదు.

"రక్తం పడ్డప్పుడల్లా గోలీలు మారుస్తుండ్రు సారూ. గోలీలకు ఆగుతదా, మంత్రానికి ఆగుతదా మాకు తెల్వదు. ఆగుతది, మల్ల పడ్తది," అన్నాడాయన. నేను ఇంతసేపూ చెప్పిన విషయాన్ని ఆ మనిషి రెండు ముక్కల్లో చెప్పాడు.

పిల్ల పడుకుంటే బాగానే ఉండేది, లేచి కూర్చుంటే ఆయాసపడేది. ఊళ్ళో దీన్ని దయ్యం లక్షణమన్నారట. దీనికి కారణం చాలా మామూలుది. ఆ చిల్లులు సాధారణంగా ఊపిరితిత్తుల కింది భాగంలో ఉంటాయి, నిటారుగా కూర్చుంటే రక్తం అటు ఎక్కువగా పోతుంది. ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు ఎక్స్-రే చూడలేదు, పిల్ల వేళ్ళు చూసింది. మీ ఇంట్లో ఎవరికైనా ముక్కులోంచి రక్తం కారుతుందా అని అడిగింది. నాయనమ్మకి కారుతుంది. తరవాత చేసిన పరీక్ష నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఉప్పునీళ్ళని సిరంజిలో గిలక్కొట్టి, సన్నటి బుడగలు చేసి, చేతి సిరలోకి ఎక్కిస్తారు. గుండెని తెరమీద చూస్తుంటారు. జల్లెడ బాగుంటే బుడగలు ఊపిరితిత్తుల్లో ఆగిపోతాయి, గుండె ఎడమవైపుకి రావు. ఈ పిల్లకి నాలుగైదు కొట్టుకోళ్ళలోనే వచ్చేశాయి. మన హేతువాద ప్రదర్శనల్లో చూపించదగ్గంత స్పష్టంగా! ఎక్స్-రేలో అన్నేళ్ళూ టీబీ అనుకున్న గుండ్రటి మచ్చ ఆ రక్తనాళాల సంచే.

ఆ పదకొండు రోజుల్లో మా కాలనీలో చదువుకున్న ఇరుగుపొరుగు ఇచ్చిన సలహాలు కూడా రాయాలి. మలై మందిర్లో మొక్కుకోమన్నారు. హోమియో వాడి చూడమన్నారు. ఆర్.కె. పురం అంటే రామకృష్ణపురం, రామకృష్ణ పరమహంస పేరు. ఆయన గొంతు కేన్సరుతో 1886 ఆగస్టు 16న పోయారు. చివరి రోజుల్లో వైద్యం చేసినవాడు మహేంద్రలాల్ సర్కార్, 1876లో కలకత్తాలో విజ్ఞాన శాస్త్ర పరిశోధన కోసం సంఘం పెట్టిన మనిషి. సి.వి. రామన్ తరవాత తన ప్రయోగాలు చేసింది ఆ సంఘం భవనంలోనే. అంతటి సర్కార్ కూడా ఎం.డి. చదివి, 1867లో హోమియోపతిలోకి మారిపోయాడు. మా పక్క క్వార్టరాయన్ని నేనేం అనగలను?

పల్లెటూరి జనం ఆసుపత్రికి రారు, మాంత్రికుడి దగ్గరికే పోతారు అన్నది మన వాదనల్లో తరచు వినపడే మాట. దీన్ని లెక్కలతో పరీక్షించినవాళ్ళున్నారు. బెంగుళూరు జాతీయ క్షయ సంస్థలో పనిచేసిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు, అనంతపురం జిల్లాకి ఆనుకునే ఉన్న తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఉన్నవాళ్ళని ఇంటింటికీ వెళ్ళి అడిగి, 1963లో ఫలితం ప్రచురించారు. దాదాపు అందరికీ తమ ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసు. సగం మందికి పైగా అప్పటికే ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ చాలామంది చేతిలో దగ్గుమందు సీసా పెట్టి పంపించేశారు. జబ్బు ఉన్నవాడు వచ్చాడు, చూడాల్సినవాడు చూడలేదు. ఆ బెనర్జీయే తరవాత మా కాలనీ పక్కనే ఉన్న జె.ఎన్.యు.లో సామాజిక వైద్య విభాగం కట్టి, ఏళ్ళ తరబడి ఇదే మాట చెప్పాడు. మన ఉద్యమంలో ఈ అధ్యయనం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మాంత్రికుణ్ణి తిట్టడం కంటే మన ఆసుపత్రిని అడగడం కష్టం మరి.

వైద్యం సంగతికి వస్తే, దీని చరిత్ర ఒక పొగరుబోతు కుర్రాడితో మొదలవుతుంది. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ళ డాక్టరు, పెద్దలు వద్దన్నా వినకుండా, తన చేతి సిరలోంచి సన్న గొట్టాన్ని తన గుండె దాకా తోసుకుని, నడిచి వెళ్ళి ఎక్స్-రే తీయించుకున్నాడు. తిట్లు తిన్నాడు. 1956లో నోబెల్ వచ్చింది. 1953లో స్వీడన్‌లో సెల్డింగర్, కోత లేకుండా సూది, తీగ సాయంతో రక్తనాళంలోకి గొట్టం ఎక్కించే పద్ధతి కనిపెట్టాడు. 1973లో ఫ్రాన్సులో జాక్ రెమీ బృందం లావెక్కిన శ్వాసనాళ ధమనిని లోపలి నుంచే మూసి రక్తం ఆపింది. 1977లో జర్మనీలో పోర్స్ట్‌మన్ ఏవీఎంని కూడా గొట్టం ద్వారానే మూశాడు. అంతకు ముందు మార్గం రొమ్ము కోసి ఊపిరితిత్తి ముక్క తీసెయ్యడమే, 1942 నుంచి ఆ ఆపరేషన్లు జరిగాయి.

మా ఇంటికొచ్చిన పిల్లకి తొడ దగ్గర సిరలోంచి గొట్టం పంపి, సన్న లోహపు తీగ చుట్టలు ఆ సంచికి రక్తం తెచ్చే ధమనిలో వదిలారు. గంటన్నర పట్టింది. గోళ్ళ నీలం ఆ సాయంత్రానికే తగ్గింది. ప్రమాదం లేని వైద్యం అని మాత్రం చెప్పను. శ్వాసనాళ ధమనులు మూసేటప్పుడు అదే కొమ్మ నుంచి వెన్నుపాముకి రక్తం పోతుంటే కాళ్ళు పడిపోయే అవకాశం అరుదుగా ఉంది, అందుకే చెయ్యి తిరిగినవాళ్ళే చెయ్యాలి. గాల్లోంచి విభూతి తీసిన పుట్టపర్తి బాబా కూడా 1991లో గుండె జబ్బుల కోసం కట్టించింది ఆధునిక ఆసుపత్రే. 2011లో చివరి రోజులు తనూ అందులోనే గడిపారు.

అన్ని లంగ్ జబ్బులకీ గొట్టమే మందు కాదని కూడా చెప్పాలి. కొందరు పిల్లల్లో పెద్ద నాళాలు బాగానే ఉండి కేశనాళికల నుంచే రక్తం ఊరుతుంది. 1971లో లేన్, హామిల్టన్ అనే ఇద్దరు, ఇలాంటి రోగుల్లో కొందరికి గోధుమ పడని పేగు జబ్బు కూడా ఉంటుందని గమనించారు. వాళ్ళలో చాలామందికి గోధుమ మానేస్తే ఊపిరితిత్తుల రక్తం కూడా తగ్గింది. రొట్టెలు తినే ఢిల్లీలో పిల్లల డాక్టర్లు ఇది గుర్తుపెట్టుకుంటారు.

పిల్లకి రక్తం పడితే ఇంట్లో ఏం చెయ్యాలని అడుగుతారు. ఉమ్మిందంతా ఒక గిన్నెలో పట్టి డాక్టరుకి చూపించండి, ఫోన్లో ఫోటో తీసినా సరే. ఏ వైపు నుంచి వస్తోందో ముందే తెలిసి ఉంటే ఆ వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టండి, మంచి ఊపిరితిత్తి మునగకుండా ఉంటుంది. కఫం పరీక్ష, ఇప్పుడైతే జన్యు పరీక్ష కూడా, లేకుండా టీబీ మందులు మొదలుపెడితే ఎందుకని అడగండి. అడగడం తప్పు కాదు. టీబీ అని తేలితే మాత్రం మధ్యలో ఆపకండి.

మళ్ళీ ఆ పాలమూరు తండ్రి దగ్గరికి. వెళ్ళే ముందు రాత్రి ఆయన ఇంకో సంగతి చెప్పాడు. రెండోసారి రక్తం పడ్డప్పుడు ఊళ్ళోవాళ్ళు వాళ్ళింటి వెనక ఉండే ఒక ముసలామె మీద అనుమానపడ్డారు. ఒంటరి మనిషి, ఆకులు అలములు నూరేది. మంత్రం పలకలేకుండా చెయ్యాలని ఆమె ముందు పళ్ళు పీకారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరుతో ఇది దశాబ్దాలుగా జరుగుతున్న ఘోరమే, మన సంఘాలు ఎన్ని ఊళ్ళు తిరిగి చెప్పినా. మహారాష్ట్ర, దాభోల్కర్‌ని చంపిన 2013లో, ఇలాంటి వాటి మీద చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో తెచ్చింది. ఆయన ఆ రోజు అక్కడే ఉన్నాడట, ఆపలేదట. "నా బిడ్డ సచ్చిపోతున్నదని ఉంటి సారూ," అన్నాడు. నేనేమీ అనలేదు. ఆయన సంచిలో ఆ పరీక్ష ఫిల్ములు సర్దుతూ, ఊళ్ళో పెద్దమనుషులకి చూపిస్తానన్నాడు. చూపించాడని తరవాత ఫోన్లో చెప్పాడు. ఆ ముసలామె అప్పటికే ఊరొదిలి వెళ్ళిపోయింది.

పిల్ల ఇప్పుడు పెద్దదైంది. మూసిన నాళం కొన్నేళ్ళకి మళ్ళీ తెరుచుకోవచ్చు కాబట్టి అప్పుడప్పుడు స్కాన్ తీయించుకుంటూ ఉండాలి. నాయనమ్మ వైపు పిల్లలందరినీ కూడా పరీక్ష చేయించమన్నారు. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంలో కింద ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంది: పన్ను పీకించుకునే ముందు తప్పకుండా యాంటీబయాటిక్ వేసుకోవాలి, నోటిలోని క్రిములు మెదడుకి చేరే ప్రమాదం ఉంది.